క్లినిక్‌లో మా అవ్వ చెప్పిన జవాబు

మొదటి రోజే ఇంజెక్షన్ వేస్తారనుకుని పోయేవాళ్ళకు ముందే చెప్తున్నాను, వేయరు. రెండోసారి పోయినా వేయరు. బట్టలు విప్పమంటారేమోనని భయపడేవాళ్ళకు కూడా చెప్తున్నాను, అదీ అడగరు. అడిగేదంతా మాటలే. చిన్నప్పుడు ఏం ఆడుకున్నావు, ఎవరితో తిరిగావు, అద్దంలో చూసుకుంటే ఏమనిపిస్తుంది, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. ఒక గదిలో అడిగిందే ఇంకో గదిలో అడుగుతారు. రెండో గదికి వచ్చేసరికి మన కథ మీద మనకే విసుగు పుడుతుంది. పొద్దున ఏమైనా తిని పోండి. నేను తినకుండా పోయి కళ్ళు తిరిగి కూలబడితే అది కూడా ఫైల్లో రాసుకున్నారు.

నా పేరు నరేష్. మాది లింగంపేట. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసుకుని ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. అది విన్నవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, కొత్తగా ఇంకెవరికీ చెప్పే పని లేదు. ఇప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గడ్డం ఇంకా సరిగ్గా రాలేదు కానీ మీసం వచ్చింది, గొంతు మారింది. కష్టకాలం దాటావని డాక్టర్లు అంటున్నారు. నేనూ అదే అంటున్నాను, అనగా అనగా నిజమవుతుందేమోనని.

మా వైపు పిల్లలు ఎక్కడో నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తారు. ఇంట్లో వాళ్ళకు వినబడకుండా, అన్నా, అక్కడ ఏం చేస్తారు అని అడుగుతారు. నన్ను అన్నా అని నోరారా పిలిచేది వాళ్ళే. వాళ్ళందరి కోసం ఒకేసారి రాసి పెడుతున్నాను. కోపంతో రాస్తున్నానని కూడా తెలుసుకోండి. నా కోపం చూసి మీరు పోవడం మానుకోవద్దు.

ఎల్లారెడ్డి, ఇంటర్ చదువుతున్నప్పుడు

ఇంట్లో ఉండేది అవ్వ, నేను. అవ్వ అంటే అమ్మే, మా దగ్గర తల్లిని అలాగే పిలుస్తాం. బాపు నా ఆరో తరగతి నుంచీ మస్కట్‌లో ఉన్నాడు. రెండు మూడేళ్ళకోసారి ఇంటికి వస్తాడు, మిగతా కాలమంతా ఫోన్లో ఉంటాడు. అవ్వ బీడీలు చుడుతుంది. మా వాడలో ఆడవాళ్ళందరిదీ అదే పని. నేను తొమ్మిదో ఏట చాట ఒళ్ళో పెట్టుకున్నాను. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. పదో తరగతికి వచ్చేసరికి అవ్వ చేతుల కంటే నా చేతులే వేగంగా ఆడేవి. నా కట్టల్లోంచి కార్ఖానా వాళ్ళు ఒక్క బీడీ కూడా తీసి పారేసేవారు కాదు. ఇంటికి ఎవరొచ్చినా అవ్వ నా వేళ్ళు పట్టుకుని చూపించి మురిసిపోయేది.

నాకూ ఆ పని ఇష్టమే. ఈ సంగతి తర్వాత నా మీదికే వచ్చింది కాబట్టి ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. చాట ముందు కూర్చుంటే నాకు వేళ్ళు మాత్రమే ఉన్నట్టుండేది, మిగతా ఒళ్ళు గుర్తుకు వచ్చేది కాదు. ఆ మిగతా ఒళ్ళే నా బాధ.

ఎల్లారెడ్డి కాలేజీకి బస్సులో పోయేటప్పుడు పుస్తకాలు గుండెకు అదుముకుని నిలబడేవాణ్ణి. తర్వాత చున్నీని నాలుగు మడతలు వేసి ఛాతీకి బిగించి, వెనక పిన్నీసులు పెట్టుకోవడం నేర్చుకున్నాను. ముందు కాలేజీ వరకే. ఆ తర్వాత ఇంట్లో కూడా, పడుకున్నా కూడా. నెలసరి రోజుల్లో కాలేజీ మానేసి గోడ వైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. అవ్వ కడుపునొప్పి అనుకుని వాము నీళ్ళు కాచి ఇచ్చేది.

రెండో ఏడాది చలికాలం వచ్చేసరికి ఊపిరి అందడం మానేసింది. కాలేజీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకునేవాణ్ణి. పక్కటెముకల్లో నొప్పి, ఆగని దగ్గు. మా వాడలో ఆ దగ్గు లేని ఇల్లు లేదు, అందుకని అవ్వ తంబాకు దుమ్మే అనుకుంది. చిన్న వయసులో చాట ముందు కూర్చోబెట్టి నేనే పాడు చేసుకున్నానని ఏడ్చి, చాట నా చేతిలోంచి తీసేసింది. తప్పంతా తన మీద వేసుకుంటుంటే నేను నోరు మెదపలేదు. మొదట చెప్పిన కోపం అవ్వ మీదే, కానీ ముందు నా తప్పు ఇది.

మీలో చున్నీలు బిగించుకునేవాళ్ళు ఉంటారు, నాకు తెలుసు. నొప్పి పుడితే విప్పేయండి. పడుకునేటప్పుడు అసలే వద్దు.

ఫిబ్రవరి, కామారెడ్డి

ఛాతీ డాక్టరు ఎక్స్‌రే రాశాడు. ఒంటి మీద ఏమీ ఉండకూడదని ఎక్స్‌రే గదిలో చెప్పారు. కుర్తా తీయడానికి సాయంగా అవ్వ కూడా లోపలికి వచ్చింది. చున్నీ చూసింది. ఏంది ఇది అని కూడా అడగకుండా పిన్నీసులు ఒక్కొక్కటే తీసింది. లోపల చర్మం కమిలి, రెండు చోట్ల పుండ్లు పడి ఉన్నాయి. తీసిన పిన్నీసులు పారేయకుండా తన కొంగుకు గుచ్చుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగింది.

“ఎవడన్న ఏమన్న చేసిండా బిడ్డా?”

“ఎవ్వలేం చెయ్యలేదవ్వా. నాకే వద్దు.”

“ఏది వద్దు?”

“ఈ ఆడపిల్ల ఒళ్ళు వద్దు. నేను పోరగాణ్ణి. చిన్నప్పటి సంది నాకు గట్లనే ఉన్నది.”

ఎన్నేళ్ళుగానో లోపల అనుకుంటున్న మాట అలా బయటపడింది, పక్కన ఒక ముసలాయన గుడ్డలో ఉమ్ముకుంటూ ఉండగా. అవ్వ అరవలేదు, కొట్టలేదు. నా చేయి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాక, అయితే దీనికి ఏ డాక్టరుకు చూపియ్యాలె సార్ అని అడిగింది. ఆ రోజు నేను ఆమెను చాలా నమ్మాను.

ఆయన మమ్మల్ని పక్క సందులో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి పంపాడు. ఆ మనిషి నా ముఖం ఒక్కసారి చూసి, మిగతాదంతా అవ్వతోనే మాట్లాడాడు. ఫోన్లు చూసి తెచ్చుకున్న పిచ్చి ఇదని, పెళ్ళి చేస్తే అదే కుదురుతుందని, అప్పటిదాకా ఈ మాత్రలు వేయమని చెప్పాడు. మూడు నెలలు వేసుకున్నాను. నోరు పిడచకట్టుకుపోయేది. నడుస్తుంటే నేల ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉండేది. తిన్న కంచం ముందే నిద్రపోయేవాణ్ణి. ఇంటర్ పరీక్షల్లో రెండు పేపర్లు పోయాయి. పిల్ల నిమ్మళంగా ఉందని అవ్వ బాపుకు ఫోన్లో చెప్పింది.

పుండ్లు మానకపోతే కట్టు కట్టించుకోవడానికి ఒకరోజు ఒక్కణ్ణే సర్కారు దవాఖానకు పోయాను. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా మాత్రల చీటీ చూసి, ఇవి ఎందుకు వేసుకుంటున్నావని అడిగింది. చెప్పాను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది. నువ్వు అలా ఉండడం రోగం కాదు, కానీ నీ బాధకు చూసే డాక్టర్లు ఉన్నారు అన్నది. నా చీటీ వెనక హైదరాబాద్‌లో క్లినిక్ ఉన్న ఆసుపత్రి పేరు, ఏ వారం పోవాలి, ఏ గేటులోంచి పోవాలి, లోపలికి వెళ్ళాక ఎటు తిరగాలి, అన్నీ రాసిచ్చింది. మాత్రలు ఒక్కసారిగా ఆపొద్దని, మెల్లగా ఎలా తగ్గించాలో కూడా చెప్పింది. పద్దెనిమిది నిండకముందు పోయినా మాట్లాడతారు, వింటారు, మందులు మాత్రం మొదలుపెట్టరు అని కూడా ఆమే చెప్పింది. పోయి మాట్లాడినా సగం బరువు దిగుతుంది, ఇది నా మాట.

అక్టోబర్, హైదరాబాద్

పోయిన పేపర్లు మళ్ళీ రాసి, కామారెడ్డిలో డిగ్రీలో చేరి, ధైర్యం కూడగట్టుకునేసరికి ఏడాది పైనే గడిచింది. పందొమ్మిది దాటాక, కాలేజీ అని చెప్పి పొద్దున రైలెక్కాను.

క్లినిక్ అంటే పెద్దగా ఏదో ఉంటుందని ఊహించుకోకండి. మానసిక వైద్యం ఓపీ వరండా చివర రెండు గదులు, ముందు నాలుగు బెంచీలు. చీటీ మీద ఆధార్ కార్డులో ఉన్న పేరే రాస్తారు. పిలిచే ఆయన ఆ పేరే గట్టిగా పిలుస్తాడు. క్రాపు కొట్టించుకుని చొక్కా వేసుకుని కూర్చున్న నేను ఆ పేరుకు లేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మొదటిసారి లేవలేదు. రెండోసారీ లేవలేదు. మూడోసారి లేచాను. వరండాలో ఉన్న ప్రతి తల నా వైపు తిరిగింది. తల కొట్టేసినట్టయింది.

నా పక్కన కూర్చున్న అమ్మాయి లేచి ఆయన దగ్గరికి పోయి, పేరుతో పనేంది కాకా, నంబరుతో పిలువు అన్నది. ఆయన నిజంగానే అప్పటి నుంచి అందరినీ నంబరుతో పిలిచాడు. అంత తేలికైన పని అది. చీటీ ఇచ్చేటప్పుడే అడగండి, అడిగితే చేస్తారు. ఎవరూ అడగరు కాబట్టి చేయరు, అంతే.

ఆ అమ్మాయి పేరు పూజ. మద్నూర్ పిల్ల, సగం తెలుగు సగం మరాఠీ మాట్లాడుతుంది. ఆమె పుట్టినప్పుడు మగపిల్లాడని రాసుకున్నారు. అప్పటికే ఐదుసార్లు వచ్చి పోయింది కాబట్టి నాకు పాఠం చెప్పింది. బొమ్మలు ముట్టలేదని చెప్పాలట. క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదని చెప్పాలట. ఇంటి పని ఏం చేసేవాడివి అని అడిగితే ఏమీ చేసేవాణ్ణి కాదని చెప్పాలట. నేను బీడీల సంగతి చెప్పగానే చెయ్యి అడ్డం పెట్టి, ఆ ముచ్చట అస్సలు తియ్యకు అన్నది. వరండాలో కూర్చున్న పిల్లలందరూ ఇలాగే ఒకరికొకరు జవాబులు అప్పజెప్పుకుంటున్నారు. లోపల ఏది నిజమని నమ్ముతారో తెలియక అందరికీ ఒకటే భయం.

సైకాలజిస్టు మేడం మంచి మనిషి. నరేష్ అనే పిలిచింది. నేను పూజ చెప్పినట్టే చెప్పాను. ఆడవాళ్ళతో కూర్చునేవాణ్ణే కాదన్నాను. ఇంటి పని ముట్టలేదన్నాను. ఆమె రాసుకుంది. ఉత్తరం ఎప్పుడిస్తారని అడిగాను. ఆ ఉత్తరం లేనిదే హార్మోన్ల డాక్టరు మందు మొదలుపెట్టడు. చిన్నప్పటి నుంచి నిన్ను చూసినవాళ్ళను ఎవరినైనా తీసుకురా, వాళ్ళతో మాట్లాడాక చూద్దాం అన్నది.

నాకు రెండూ కావాలి. ఆ ఉత్తరం కావాలి, అవ్వ కావాలి. ఒకటి పోయి ఒకటి ఉంటే చాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఇంటికి పోయి ఉన్నదంతా అవ్వకు చెప్పేశాను. బతిమాలాల్సి వస్తుందనుకున్నాను. ఆమె మారు మాట్లాడకుండా వస్తానన్నది.

డిసెంబర్, అవ్వతో

అవ్వ తన పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. చెవులకు కమ్మలు పెట్టుకుంది. దవాఖానకు ఇదంతా ఎందుకని నవ్వాను. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రైల్లో ఏమేం అడుగుతారని అడిగింది. చిన్నప్పటి సంగతులు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నాను. నేను అబద్ధం చెప్పి వచ్చానని, అదే అబద్ధం నువ్వూ చెప్పాలని తల్లికి చెప్పడానికి సిగ్గేసింది.

మేడం గదిలో ముగ్గురం కూర్చున్నాం. చిన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పండమ్మా అని మేడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏం పనులు చేసేది, నలుగురితో ఎలా ఉండేది, ఎవరితో ఎక్కువ కలిసేది. అవ్వ కొంగు భుజం మీదికి లాక్కుని నిటారుగా కూర్చుంది. అలా కూర్చోవడం నేను ఎరిగినదే. మా దగ్గర పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు సరిగ్గా ఈ ప్రశ్నలే అడుగుతారు. పిల్లకు పనులు వస్తాయా, గుణం ఎలాంటిది, అన్నిటికంటే ముందు బీడీలు వస్తాయా, పొద్దుకు ఎన్ని చుడుతుంది, కార్ఖానా వాళ్ళిచ్చే బీడీ కార్డు ఉందా. తల్లి ఇలాగే కూర్చుని పిల్లను పొగుడుతుంది. ఒక గది, ఎదురుగా చదువుకున్న పెద్దమనిషి, పిల్ల గురించి అడగడం. ఇలాంటి చోట అవ్వకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

“నా బిడ్డకు వంక వెట్టేది లేదు మేడం. ఒకలి జోలికి పోదు. వంటొస్తది, అలుకు చల్లుతది, ముగ్గేస్తది. బీడీలల్ల అయితే నా బిడ్డను మించినోళ్ళు లింగంపేటల లేరు. పొద్దంత ఆడోళ్ళ నడుమ కూసోని చుడుతది, తల లేవట్టది. కావాల్నంటె మా వాడల ఎవ్వల్నన్న అడుగుండ్రి.”

మేడం పెన్ను ఆపలేదు. ఒక్కో మాటా రాసుకుంది. అవ్వ ఇంకా చెప్పింది. పండుగకు గాజులు అడిగేదని చెప్పింది, అది మా పిన్ని కూతురి సంగతి. నేను ఎప్పుడూ అడగలేదు. నేను అవ్వా అన్నాను, ఆమె వినిపించుకోలేదు. మేడం నా వైపు తిరిగి, పోయినసారి నువ్వు ఇంటి పని ముట్టలేదని, ఆడవాళ్ళతో కూర్చునేవాణ్ణి కాదని చెప్పావు కదా అన్నది. కోపంగా కాదు, మామూలుగానే అన్నది.

రెండు కథలు రెండు రకాలుగా ఉన్నాయి కాబట్టి తొందరపడవద్దని నిర్ణయించారు. రెండు నెలలకోసారి వచ్చి మాట్లాడాలి, ఆరు నెలలయ్యాక మళ్ళీ చూస్తారు. ఆరు నెలలంటే ఆరు నెలసరులు. నేను అలాగే లెక్కపెట్టుకున్నాను.

తిరుగు రైల్లో కామారెడ్డి దగ్గరపడేదాకా తలుపు దగ్గరే నిలబడి, సీటుకు వచ్చాను. తర్వాత నోటికొచ్చింది అన్నాను. నా గొంతు కోశావన్నాను, కావాలనే చేశావన్నాను. ఎదురు సీట్లో వాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. అవ్వ తలవంచుకుని విన్నది. అంతా అయ్యాక చిన్నగా చెప్పింది.

“పిచ్చిదని రాసుకుంటరేమోనని భయమైంది బిడ్డా. అందుకే మంచిదానివని చెప్పిన.”

ఆమె కావాలని చేయలేదని నాకు అప్పుడే అర్థమైంది. అయినా నా కోపం తగ్గలేదు. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు.

ఆ ఆరు నెలలు

దీని గురించి తక్కువ రాస్తాను. బాపు ఫోన్లోనే తాడ్వాయి సంబంధం ఒకటి కుదిర్చాడు. పిల్లాడు కూడా మస్కట్‌లోనే ఉంటాడట, మంచివాడట. అవ్వ ఆ ముచ్చట వచ్చినప్పుడల్లా కాదనదు, ఔననదు. నేను తినడం తగ్గించాను, కాలేజీకి పోవడం మానేశాను. చచ్చిపోవాలనిపించింది. ఇది దాచను. మీకు ఎప్పుడైనా అలా అనిపిస్తే ఆ మాట లోపల పెట్టుకోకుండా ఎవరో ఒకరికి వెంటనే చెప్పండి. నేను పూజకు ఫోన్ చేశాను. నువ్వు ఫోన్ పెట్టకు, నేను బస్సెక్కుతున్నా అన్నది. నిజంగానే ఫోన్ పెట్టకుండా మద్నూర్ నుంచి బస్సులు మారుతూ మధ్యాహ్నానికి మా వాకిట్లోకి వచ్చింది.

చీర కట్టుకుని పొడుగ్గా ఉన్న ఆ మనిషిని చూసి వాడంతా తలుపుల్లోకి వచ్చింది. అవ్వ ఆమెను లోపలికి పిలిచి చాయ్ పోసింది. గ్లాసు చేతికిచ్చి, మీ అవ్వ ఏమన్నది నిన్ను అని అడిగింది. మా ఆయి నా సామాను బయట పెట్టింది మౌషీ, మూడేళ్ళయింది అని పూజ చెప్పింది. పూజ పోయాక అవ్వ తాడ్వాయి వాళ్ళకు ఇప్పుడప్పుడే పెళ్ళి చేసేది లేదని చెప్పి పంపింది. అంతవరకు ఆమె నా కోసం చేసింది, కాదనను. పూజ తాగిన గ్లాసును మాత్రం కడిగి మిగతా వాటితో కలపకుండా పొయ్యి వెనక విడిగా పెట్టింది. అదీ చూశాను.

సంబంధం పోయిందని తెలిశాక బాపు ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. నా లెక్కల నాకు పిల్లలే లేరు అన్నాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

జూన్, ఒక్కణ్ణే

ఈసారి పెద్ద డాక్టరు ఉన్నాడు. ఫైలు మొత్తం చదివి, ఇందులో బీడీల గురించి ఉంది, ఏంటది అని అడిగాడు. ఆరు నెలలుగా లోపల కుతకుతలాడుతున్నదంతా బయటికి వచ్చింది. పూజ చెప్పిన జవాబులు పక్కన పారేశాను.

“చుట్టిన సార్. మంచిగ చుడుత. నాకు ఇష్టం. మా ఊళ్ళె మొగోళ్ళు మస్కట్ వోతరు, ఆడోళ్ళు బీడీలు చుడుతరు, గంతే. నేను మొగోణ్ణి, నాకు బీడీలొస్తయి. ఇందుల అబద్ధమేమున్నది?”

మొదటి రోజే ఇది చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదా అన్నాడు. మా అవ్వ మాట మీదే కదా సార్ ఆపారు అన్నాను. అప్పుడు చెప్పాడు, నువ్వు మేజర్‌వి, ఇంట్లోవాళ్ళ మాట ఉండాలనే నిబంధన ఏమీ లేదు, తోడుగా ఎవరైనా ఉంటే మంచిదని పిలిపిస్తాం అంతే అని. ఉండాలనే నిబంధన లేదట. ఆ ఆరు నెలలు, తాడ్వాయి సంబంధం, బాపు మెసేజ్, ఇవన్నీ ఒక అలవాటు కోసం నా మీద పడ్డాయి. ఆయన ముందే ఏడ్చాను. ఆయన టేబుల్ మీది నీళ్ళ సీసా నా వైపు జరిపి, ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు.

కాబట్టి పోయేవాళ్ళు వినండి. వరండాలో నేర్పించే జవాబులు లోపలికి తీసుకుపోకండి. మీకు ముగ్గులు ఇష్టమైతే ఇష్టమని చెప్పండి. ఇంట్లోవాళ్ళను తీసుకురమ్మంటే, అది తప్పనిసరా అని అడగండి. తీసుకుపోతే, అక్కడ ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో ముందే కూర్చోబెట్టి చెప్పండి. మందుల దుకాణంలో ఇంజెక్షన్ కొనుక్కుని సొంతంగా పొడుచుకోకండి, ఎంత విసుగొచ్చినా. రక్తపరీక్షలు చేసి, అంతా చూసి ఇస్తారు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఏమీ జరగదు. నేను అద్దం ముందు గంటలు గంటలు నిలబడ్డాను. ఏమీ జరగలేదు. మెల్లగా, మనం చూడనప్పుడు వస్తుంది.

ఉత్తరం తెచ్చి చూపిస్తే అవ్వ అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదవడం రాదు. అందులో తన పేరు ఉన్నదా అని అడిగింది. లేదన్నాను. మడిచి నా చేతికి ఇచ్చేసింది.

ఈ ఏడాది వానాకాలం

గొంతు మారడం మొదలయ్యాక లింగంపేటలో ఉండలేకపోయాను. ఉండొద్దని అవ్వ నోటితో అనలేదు. కామారెడ్డిలో ఏదన్న పని చూసుకో, వాడల అందరు అడుగుతున్నరు అన్నది. సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి కుదిరి, చిన్న గది తీసుకున్నాను. ఇంటికి రమ్మని ఆమె పిలవలేదు. నేను పోలేదు. నెలకోసారి ఆమే కామారెడ్డి బస్టాండుకు వచ్చేది, తొక్కు పచ్చడి సీసా ఇచ్చేది, అరగంట బెంచీ మీద కూర్చుని మా ఊరి మీదుగా పోయే ఎల్లారెడ్డి బస్సెక్కి పోయేది. ఊళ్ళో నన్ను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న బిడ్డ అని, కూతురిగానే చెప్పుకుంటోందని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

వానలు మొదలయ్యాక ఆమె కాలికి దెబ్బ తగిలి పుండు పడింది. షుగర్ ఉంది కాబట్టి మానలేదు, కాలు వాచిపోయింది. కామారెడ్డి దవాఖానలో చేర్పించాను. దుకాణంలో సెలవు పెట్టి పది రోజులు ఆమె మంచం పక్కనే ఉన్నాను. కట్టు మార్చేటప్పుడు కాలు పట్టుకున్నాను, తల దువ్వాను, అన్నం కలిపి పెట్టాను. ఆ వార్డులో మా ఊరివాళ్ళు ఒక్కరు కూడా లేరు. మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు.

మొదటి రోజు నర్సు కాగితం తెచ్చి, పేషంటుకు నువ్వు ఏమైతవు అని నన్ను అడిగింది. కొడుకునని చెప్పడానికి నోరు తెరిచాను. మంచం మీది నుంచి అవ్వ ముందే అందుకుంది.

“మా అక్క కొడుకు. తాడ్వాయి.”

అవ్వకు అక్క లేదు. నర్సు బంధువు అని రాసుకుని పోయింది. అవ్వ నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. పక్క మంచం ముసలమ్మ ఇదంతా విని, సొంత కొడుకు కూడా ఇట్ల చెయ్యడు, అదృష్టవంతురాలివి అన్నది. అవును, మంచి పిల్లగాడు అన్నది అవ్వ.

నన్ను పిల్లగాడు అనడం ఆమె నోట అదే మొదటిసారి. సంతోషపడాలో ఏడవాలో తెలియక, మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాను. మెట్ల మీద కూర్చుని చాలాసేపు పైకి పోలేదు. నేను పోకపోతే ఆమె మంచినీళ్ళు ఎవరిని అడుగుతుందని లేచి పోయాను.

అక్క కొడుకు అన్న మాట వినబడనట్టే మూడు రోజులు అవ్వా అనే పిలిచాను. పిలిచినప్పుడల్లా ఆమె ముందు పక్క మంచం వైపు చూసేది, ముసలమ్మ నిద్రపోతోందా లేదా అని. ఆ తర్వాతే నాకు జవాబిచ్చేది. నొప్పితో మూలుగుతూ కూడా ఆ చూడడం మానలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మాత్రలు, నీళ్ళ గ్లాసు పట్టుకుని మంచం దగ్గర నిలబడి, చిన్నమ్మా, లే, మందు వేసుకో అన్నాను.

ఈసారి ఆమె ఎటూ చూడలేదు. లేస్తున్న కొడుకా అని వెంటనే పలికింది.